ప్లేటు నుంచి ప్లేటుకి

మార్చి 9

ఇవాళ ల్యాబులో చల్లగది అరలు శుభ్రం చేశారు. నేను వెళ్లేసరికి మా ఆవిడ బ్యాక్టీరియా పెంచిన ప్లేట్లన్నీ చెత్త సంచిలో ఉన్నాయి. సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికితే పగలనిది ఒక్కటి దొరికింది. అడుగున నీలం సిరాతో తన వంకర అంకెలు, జనవరి తేదీ. తను పోవడానికి కొద్ది రోజుల ముందు గీసిన ప్లేటు.

మాతో పనిచేసే చాదస్తం పక్కనే ఉన్నాడు. అతని అసలు పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తాడు, అంతగా అలవాటైపోయింది ఆ పేరు. "అది ఎండి అప్పడమైపోయింది. ఇంకేం బతికుంటాయి అందులో? మీ ఆవిడ దాచిన అసలు కణాల ట్యూబు ఫ్రీజర్లో ఉందిగా, దాంట్లోంచి తీసుకో" అన్నాడు. తీసుకుంటాలే అన్నాను.

తీసుకోలేదు. ఎండిపోయిన ఆ ప్లేటు మీంచే పుల్లతో కాస్త ఎత్తి కొత్త ప్లేటు మీద గీశాను. ఇవి తన చేత్తో పరిచిన బ్యాక్టీరియా. ఫ్రీజర్లోది ఎక్కడికి పోతుంది.

మార్చి 11

పెరిగాయి. ఎప్పట్లాగే నలుసంత చుక్కలు. ఒక్కటి మాత్రం కాస్త పెద్దగా, గుండ్రంగా ఉంది. తర్వాతి ప్లేటుకి దాన్నే ఎత్తాను. ఆ నలుసుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఏం చెయ్యను.

మార్చి 20

అత్తయ్య ఇవాళ కుట్టు మిషను ముందు కూర్చుని అడిగింది. "ఇంతకీ నా కూతురు అక్కడ ఏం చేసేది బాబూ? ఎప్పుడడిగినా పురుగులు పెంచుతున్నానమ్మా అనేది. ఇప్పుడన్నా తెలుసుకుందామని."

చెప్పాను. ఒక ప్రొటీను ఎలా తయారు చేయాలో జన్యువులో అక్షరాల్లో రాసి ఉంటుంది. కణం దానికి ఒక నకలు తీస్తుంది. రైబోజోమ్ అనే యంత్రం ఆ నకలు మొదట్లో ఎక్కి కూర్చుని, చదువుకుంటూ పోయి ప్రొటీను అల్లుతుంది. మీ అమ్మాయి ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్చింది. ఆ మార్పుతో ప్రొటీను రవ్వంత కూడా మారదు. పుస్తకాలన్నిట్లో ఇలాంటి మార్పుతో ఏమీ కాదనే రాసి ఉంది. కానీ ఆ అక్షరం మారేసరికి నకలు తన మీద తనే మడత పడి, మొదట్లోనే మూసుకుపోయింది. యంత్రం ఎక్కడానికి చోటు లేదు. ప్రొటీను బొటాబొటీగా తయారవుతుంది, కణం నీరసంగా పెరుగుతుంది. ఇదీ మీ అమ్మాయి కనిపెట్టింది.

అత్తయ్య మిషను దారం వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "అంటే దారం మంచిదే. సూదిలోకి ఎక్కే చోట చిక్కు పడింది."

"అంతే అత్తయ్యా."

"ఇంత సులువైనదాన్ని నాకెందుకు చెప్పలేదో అది" అంది. తర్వాత మిషను తొక్కలేదు.

తను పోయిన రోజు నుంచి ఆవిడ నన్ను నువ్వు అంటోంది. పెళ్లయిన దగ్గర్నుంచి మీరు, తమరు అంటూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి. ఎప్పుడు మారిందో ఆవిడకీ తెలియదనుకుంటాను. నేను గుర్తు చేయలేదు.

ఏప్రిల్ 2

మా బావమరిది ఫోను చేశాడు. అమ్మని పంపించెయ్ బావా, అక్క లేని ఇంట్లో ఇంకెన్నాళ్లు అన్నాడు. పంపించడానికి ఆవిడేమైనా పార్సిలా. ఆవిడకే ఇచ్చాను ఫోను. "వస్తాలేరా, తొందరేముంది" అంది వాడితో.

మధ్యాహ్నం ఫ్రీజరు తెరిచి తన ట్యూబు చూశాను. చిటికెన వేలంత ట్యూబు. ఉన్నది ఇదొక్కటే. మూత తీస్తే లోపల పసుపచ్చటి మంచు, దాని మీద ఒక పక్కగా గీరిన గుంట. తను చివరిసారి పుల్లతో గీకిన చోటు. అంత చిన్న గుంటలో కూడా తన తొందర కనిపిస్తుంది. తను ఏదీ నెమ్మదిగా చేసి ఎరుగదు.

మూత పెట్టేశాను. కరిగితే పాడైపోతుంది.

ఏప్రిల్ 18

ప్లేటు మార్చాను. పెద్దవి ఎక్కువవుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్నాయి, చూడ్డానికి సంతోషంగా ఉంది.

మే 6

సైన్సు పత్రిక నుంచి జవాబు వచ్చింది. డిసెంబరులో తనే పంపిన పేపరు. దాన్ని చదివి తేల్చే ముగ్గురు నిపుణుల్లో ఇద్దరు బాగుంది అన్నారట. మూడో ఆయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. ప్రొటీను మారకుండా ఒక్క అక్షరంతో ఇంత తేడానా, మళ్లీ కొలిచి చూపించండి అన్నాడు. న్యాయమే. నేనైనా అడుగుతాను.

పెద్దాయన పిలిచాడు. ఈ ల్యాబు ఆయనది, మా ఇద్దరికీ ఉద్యోగం ఇచ్చింది ఆయనే, మా పెళ్లికి సాక్షి సంతకం పెట్టిందీ ఆయనే. "నువ్వే చెయ్యి. ఆవిడ పని నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది" అన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "ఫ్రీజరు నుంచి మొదలుపెట్టు" అన్నాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన చెప్పే మొదటి మాట అదే. ప్రతిసారీ ఫ్రీజరుకే వెళ్లు, ప్లేటు నుంచి ప్లేటుకి దిగేవాడు పాతాళంలో తేలతాడు అని.

నాకు తెలియదా. ఇన్నేళ్ల సర్వీసు. నా ప్లేటు తాజాగానే ఉంది.

మే 19

ప్రొటీను కొలిస్తే బ్యాండ్లు వచ్చాయి, ఎంత ప్రొటీను ఉంటే అంత నల్లటి గీతలు. అక్షరం మార్చని మామూలు రకానిది ఎంత నల్లగా ఉందో, తన రకానిదీ అంతే నల్లగా ఉంది. తనది ఉండీ లేనట్టు లేతగా రావాలి. తేడా లేదు.

బ్యాండ్లు తేల్చే మందు పాతబడి ఉంటుంది.

మే 27

కొత్త మందు తెప్పించాను. తేడా లేదు.

జూన్ 3

ఇన్‌క్యుబేటరు వేడి సరిగా లేదేమోనని పక్క ల్యాబువాళ్లది అడుక్కుని చేశాను. తేడా లేదు. "మీ ఇన్‌క్యుబేటరుకి ఏమైంది?" అంటే ఏం చెప్పాలో తెలియక జ్వరం అన్నాను. నవ్వారు. చాలా రోజులకి నా మాటకు ఎవరో నవ్వారు.

జూన్ 8

తన అక్షరం అసలు ఉందో లేదో చదివించాను. ఆ చుట్టుపక్కల నాలుగైదు అక్షరాలు, అంతే చాలు. ఉంది. అక్కడే, తను పెట్టిన చోటే ఉంది. అంటే ఇవి తన కణాలే. బతికిపోయాను అనుకున్నాను. తర్వాత అర్థమైంది. కణాలు తనవే అయి, ప్రొటీను మామూలుగా తయారవుతుంటే తప్పెవరిది?

జూన్ 15

అత్తయ్య నా పెట్టె సర్దబోయి అందులో నేను దాచిన తన గాజులు చూసింది. పెట్టె మూసి టీ పెట్టింది. ఇద్దరం టీ తాగాం.

జూన్ 21

ఇవాళ తన మీద కోపం వచ్చింది. ఉన్నట్టుండి, చేతులు కడుక్కుంటుంటే. ఎలా కొలిచావు? ఎన్నిసార్లు కొలిచావు? నన్ను ఒక్కసారి చూడమని ఎందుకు అనలేదు? నువ్వు అన్నావంటే అయిపోయినట్టే, ఎదుటివాడు తల ఊపాలంతే. నీ తొందర నీదే. ఇప్పుడు చూడు, నేను జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

సబ్బు కంట్లో పడింది.

జూన్ 22

కావాలనుకున్నది వచ్చేదాకా కొలిచి, వచ్చింది మాత్రమే చూపించిందా?

జూన్ 23

నిన్న రాసింది కొట్టేయాలి. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కొట్టేయలేదు.

జూలై 4

పెద్దాయన తలుపు వేసి మాట్లాడాడు. ఆయన తలుపు వేశాడంటే ఎవరికో ఒకరికి మూడిందన్నమాట.

"మూడుసార్లు చేశావు. ఇంక లాగొద్దు. ఆ భాగం తీసేద్దాం" అన్నాడు.

"ఆ భాగం తీసేస్తే పేపర్లో ఏముంటుంది?"

"మిగతావాళ్లు చేసిన పని ఉంది కదా. చిన్న పేపరు అవుతుంది. అవనీ."

"తన పేరు?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. "ఆ భాగం లేనప్పుడు మొదటి పేరుగా ఎలా వేస్తాం? చివర్లో ధన్యవాదాల్లో వేద్దాం. మంచి మాటలు రాద్దాం. నువ్వే రాయి."

ఐదేళ్లు. ఆదివారాలు లేవు, పండగల్లేవు. పిల్లలు తర్వాత అనుకున్నాం. చివరికి ధన్యవాదాలు.

సరే అన్నాను. ఆయన తప్పు ఏముంది. సరే అన్నది నేను.

జూలై 5

అత్తయ్యకి చెప్పాను. ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా. అమ్మాయి లెక్క తప్పిందట అత్తయ్యా, మళ్లీ చేస్తే రావడం లేదు అన్నాను.

గుడ్డ మడత పెడుతూ వింది. "తప్పితే తప్పింది. పని చేసేవాళ్లకి తప్పులు రావూ?"

"అది కాదు. తన పేరు ఉండదు."

"ఎక్కడ ఉండదు?"

"పేపర్లో."

"పేపర్లో లేకపోతే నా కూతురు కాకుండా పోతుందా?" అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం భోజనానికి పిలిస్తే రాలేదు. ఆవిడ అంత తేలిగ్గా తీసుకుందని ఒక్క నిమిషం ఎలా అనుకున్నానో.

జూలై 16

చాదస్తం వచ్చాడు. చేతిలో కాగితం. తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకుంటే ఏదో పట్టుకున్నాడని లెక్క.

"నువ్వు చదివించింది ఆ నాలుగు అక్షరాలే కదా. నాకు మనసొప్పక మొన్న నీ ప్లేటు మీంచి కాస్త ఎత్తుకెళ్లి జన్యువు మొత్తం చదివించాను. తిట్టుకోకు."

"తిట్టను. ఏముంది?"

"ఆవిడ అక్షరం ఉంది. దానికి కాస్త అవతల ఇంకో అక్షరం మారింది. ఆవిడ మార్చింది కాదు."

కాగితం తీసుకున్నాను. ఒక్క చూపు చాలింది. తన మడత బొమ్మ నాకు కంఠస్థం. తను మార్చిన అక్షరం మడతలో ఏ అక్షరానికి అతుక్కుంటుందో, సరిగ్గా ఆ జత అక్షరమే మారింది. అతుక్కోవడానికి ఏమీ లేదు. మడత విడిపోయింది. యంత్రం దర్జాగా ఎక్కి కూర్చుంటోంది.

"ప్లేటు నుంచి ప్లేటుకి ఎన్నాళ్లుగా మారుస్తున్నావు?" అన్నాడు.

"అప్పట్నుంచి."

"ఎత్తేటప్పుడు ఏది ఎత్తేవాడివి?"

కాగితం మడత పెట్టాను.

"పెద్దదే కదా" అన్నాడు. "ఆవిడ ఎప్పుడూ చిన్నవే ఎత్తేది. ఇవే నిజమైనవి, పెద్దవన్నీ దొంగలు అనేది. నువ్వూ విన్నావు."

విన్నాను. ఈ గదిలోనే, ఈ బల్ల దగ్గరే.

"తిట్టు" అన్నాను.

"తిట్టడానికి ఏముంది. ఇలాంటి తప్పు ఇంత ప్రేమగా ఎవరు చేస్తారు" అన్నాడు. వెటకారం కాదు. అతనికి వెటకారం రాదు.

జూలై 17

లక్షల కణాల్లో ఎక్కడో ఒక దానికి పొరపాటున రెండో అక్షరం మారింది. దాని చిక్కు విడిపోయింది. అది బాగా పెరిగింది, మిగతావి వెనకబడ్డాయి. బాగా పెరిగినదాన్ని చూసి నాకు ముచ్చటేసింది. దాన్నే ఎత్తాను, మళ్లీ దాని పిల్లల్లో పెద్దదాన్నే ఎత్తాను. తనవని కళ్లకద్దుకుని పెంచినవి తనవి కావు. తనవి ఎప్పుడో పోయాయి, నా చేతుల్లోనే, నేను చూస్తుండగానే.

పైగా తనను అనుమానించాను. జూన్ 22.

చాదస్తం ఇంకో మాట కూడా అన్నాడు. ఆవిడ చెప్పిన మడత నిజం కాకపోతే ఈ రెండో మార్పుకి అక్కడ పనేముంది, అది కణాన్ని ఎలా కాపాడుతుంది, ఇంతకంటే మంచి సాక్ష్యం ఆ మూడో ఆయనకి ఎవరివ్వగలరు అని. నిజమే. కాకపోతే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి: మామూలుది, తనది, నేను పాడు చేసింది. తనది ఒకే చోట ఉంది.

జూలై 18

తీశాను.

చాదస్తం తోడు వస్తానన్నాడు. వద్దన్నాను. గుంట లేని పక్క గీకుదామని పుల్ల ఆనించాను. మంచు రాయిలా ఉంది. కాస్త గట్టిగా నొక్కితే పుల్ల జారి పైన ఉన్నదంతా పెచ్చుగా లేచి వచ్చింది. తన గుంట పోయింది.

పుల్లకి అంటుకున్నది ప్లేటు మీద గీశాను. ట్యూబు వెనక్కి పెట్టాను. అంతా కలిపి మూడు నిమిషాల పని. దీనికి ఇన్ని నెలలు తప్పించుకు తిరిగాను.

జూలై 20

నలుసులు. ప్లేటంతా నలుసులు, కళ్లు చికిలిస్తే గానీ కనబడనంత. కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఎంత ఇబ్బంది పడుతూ బతుకుతున్నాయో.

చిన్నవే ఎత్తాను.

జూలై 29

మూడు బ్యాండ్లు. మామూలుది నలుపు. నా ప్లేటుది నలుపు. మధ్యలో తనది, ఊదితే పోయేలా, లేతగా. మళ్లీ చేశాను, మళ్లీ అంతే.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "నీ పొరపాటు పేపర్లో రాయాల్సి వస్తుంది" అన్నాడు. రాస్తానన్నాను. "మొదటి పేరు ఆవిడదే. ఈ రెండో అక్షరం కూడా కలిపి పంపుదాం. ఇంక ఆ మూడో ఆయన నోరెత్తడు." చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన కళ్లలో నీళ్లు. అందరూ చేరారు, ఎవరో బిస్కెట్లు తెచ్చారు. నేనూ తిన్నాను.

ఇంటికి వచ్చి అత్తయ్యకి చెప్పాను. "తన తప్పేం లేదు అత్తయ్యా. తప్పంతా నాదే. తను చెప్పింది చెప్పినట్టు నిజం."

"నాకు తెలుసు" అంది.

"మీకెలా తెలుసు?"

"ఏమో. తెలియదు. నా కూతురు కదా, అలా అనుకున్నాను." చేతిలో పని పక్కన పెట్టింది. "పేరు ఉంటుందా మరి?"

"మొదటి పేరు."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత మొహం తుడుచుకుని, "రేపట్నుంచి ఏం చేస్తావు?" అని అడిగింది. ఊరికే అడిగింది, కూరగాయలేం తెస్తావు అన్నట్టు.

ఏం లేదు అత్తయ్యా, అయిపోయింది అందామని నోరు తెరిచాను.

బ్యాండ్లలో తేడా రాకపోతే రేపు మళ్లీ చేయాలి. మందు పాతబడిందంటే కొత్తది తెప్పించాలి. తప్పు ఉన్నన్నాళ్లూ తనతో పని ఉంది. తిట్టడానికైనా, అడగడానికైనా, ఎందుకిలా చేశావని గొడవ పడడానికైనా. ట్యూబు గీకితే తేలిపోతుందని నాకు మొదట్నుంచీ తెలుసు. అందుకే గీకలేదు. గుంట కోసం అనుకున్నాను. గుంట కోసం కాదు. ఇవాళ తేలిపోయింది. తను చేయాల్సింది చేసేసింది, నేను చూపించాల్సింది చూపించేశాను. తన పని ఇంక ఒక్కటి కూడా మిగల్లేదు. నా భార్య చనిపోయింది.

అత్తయ్య కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, చాలాసేపు ఏడ్చాను. ఊరుకో అనలేదు ఆవిడ. వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

జూలై 30

ఇవాళ ల్యాబుకి వెళ్లలేదు. అత్తయ్య ఎందుకని అడగలేదు.